తాళానికి లోపలి వైపు

తాళం కన్నం అంచున మసి కనబడిన సాయంత్రం తాళాల తాత గుమ్మం ముందే ఆగిపోయాడు. భుజాన పనిముట్ల సంచి, చేతిలో మనవరాలికి కొన్న రొట్టె. ఎండ ఇంకా వీధి వదల్లేదు. ఎదురింటి దర్జీ మిషను గడగడలాడిస్తూనే ఉన్నాడు. తాత వంగి కన్నం అంచును చూపుడువేలితో తుడిచి, వేలిని కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. నల్లగా, మెత్తగా, కాటుకలా అంటింది.

దారినపోయేవాడికి అది దుమ్ము. తాళాల పని తెలిసినవాడికి మాత్రం గుండె జారిపోయే సంగతి.

చెవి పోయిన తాళానికి కొత్త చెవి చేయడానికి పాత పద్ధతి ఒకటుంది. గాట్లు పెట్టని చెవిని కొవ్వొత్తి మంట మీద పట్టి మసి పట్టిస్తారు. దాన్ని కన్నంలో పెట్టి, నిద్రపోతున్న పిల్లని కదిపినంత మెల్లగా కదుపుతారు. లోపలి మీటలు ఎక్కడ తగిలితే అక్కడ మసి చెరిగి లోహం మెరుస్తుంది. మెరిసినచోట ఆకురాయితో ఒక్క గీటు. మళ్లీ మసి, మళ్లీ తిప్పడం, మళ్లీ గీటు. ఓపికున్నవాడికి తాళం తన గుట్టు తానే విప్పి చెబుతుంది. ఓపిక లేనివాడు గునపం పట్టుకుంటాడు. గునపం పట్టేవాళ్లు ఊరినిండా ఉన్నారు. మసి పట్టేవాళ్లు మాత్రం తాతకు తెలిసి ఇద్దరే. ఒకడు తాత. రెండోవాడు ఆయన దగ్గరే ఆ పని నేర్చుకున్న కొడుకు.

ఆ కొడుకు జైలు నుంచి బయటికొచ్చాడన్న కబురు అంతకు కొన్ని వారాల ముందే వచ్చింది.

"ఏంటి తాతా, నీ ఇంటికి నువ్వే కన్నం వేస్తున్నావా?" దర్జీ మిషను ఆపి అరిచాడు.

"ఇటెవరైనా వచ్చారా?"

"నేను నా గుడ్డ చూసుకోవాలా, నీ గడప చూసుకోవాలా? అయినా చూస్తూనే ఉన్నాలే. పిల్లి కూడా రాలేదు."

"వస్తే నీకు కనపడేవాడైతే వాడు నా కొడుకెందుకవుతాడు?"

దర్జీ దారం కొరికి ఉమ్మేశాడు. "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడన్నారు. నువ్వేం పడతావు? మునుపటిలా పిల్లని నా దగ్గర వదిలిపెట్టరాదూ. గుండీలు ఏరుకుంటూ కూచునేది."

కబురు రాకముందు బడి వదిలాక పిల్ల దర్జీ కొట్లోనే ఉండేది. వచ్చాక తాత పద్ధతి మార్చేశాడు. తాళం పడిపోయిందని, చెవి విరిగిందని ఎవరు పిలిచినా, పిల్లని ఇంట్లో పెట్టి బయట నుంచి తాళం వేసుకుని వెళ్తున్నాడు. దర్జీ మంచివాడే. కానీ దర్జీ కొట్టుకు తలుపు లేదు, పరదా ఉంది. పరదా వెనక ఉన్నదాన్ని కాపాడొచ్చని తాళాలు చేసేవాడు ఎలా నమ్ముతాడు?

లోపలికి వెళ్లేసరికి ఉడుత అటక మీద ఉంది. పిల్లకి బళ్లో వేరే పేరుంది గానీ ఇంట్లో, వీధిలో ఉడుతే. నేల మీద కంటే అటక మీద ఎక్కువ ఉంటుంది. పాకే వయసులో ఉండగా తల్లి జ్వరంతో పోయింది. నానమ్మ అంతకు ముందే పోయింది. ఆ పైన తండ్రి ఒక నగల కొట్టు తలుపు, గీత కూడా పడకుండా తెరిచి, చేసిన పని ఎంత నీటుగా ఉందో చూసుకుంటూ నిలబడి దొరికిపోయాడు. ఆ రోజు నుంచి ఆమెకు తల్లీ తండ్రీ అన్నీ ఈ ముసలాయనే.

"చేతులేంటే అలా ఉన్నాయి, బొగ్గులు మోశావా?"

"బొమ్మలేశా."

"కడుక్కుని రా. రొట్టె తిందువు."

పిల్ల తింటున్నంతసేపూ తాత తలుపు వంకే చూశాడు. ఒక్కటే గది. ఒక మూల పొయ్యి, ఒక మూల మంచం, కిటికీ కింద పని బల్ల. కిటికీకి ఇనుప ఊచలు. బయటికి దారి ఆ తలుపొక్కటే. తలుపు చెక్కలో దిగేసిన తాళం. బయట నుంచీ లోపల నుంచీ ఒకే చెవితో తిరుగుతుంది. లోపలి కన్నం మీద గాలి రాకుండా ఊగే ఇత్తడి బిళ్ల ఒకటి ఉంది. ఇంట్లో ఉన్నప్పుడు తాత గడియే పెట్టుకుంటాడు కాబట్టి ఆ బిళ్ల ఎత్తి ఏళ్లయింది. ఈ ఇంటి చెవి ఒక్కటే, అది ఆయన జేబులోనే ఉంటుంది. ఊరందరికీ రెండేసి చెవులు చేసిచ్చే మనిషి తన ఇంటికి రెండోది చేసుకోలేదు. రెండో చెవి అంటే రెండో దొంగ అని ఆయన సిద్ధాంతం.

మర్నాడే పాత తాళం ఊడబెరికి, మీటలు ఎక్కువున్న కొత్తది బిగించాడు. ఉడుత మరలు అందించింది.

"ఇది నాన్న తియ్యగలడా తాతా?"

తాత మర తిప్పడం ఆపాడు. "తియ్యగలడు. ఆలస్యమవుతుంది."

"నువ్వో?"

"నేను కళ్లు మూసుకుని తీస్తా."

"మరి నేను?"

"నువ్వు ముందు నీ చెప్పు పట్టీ తియ్యడం నేర్చుకో. రోజూ నేనే కదా విప్పేది."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతుండగానే తాత ఎడమ చేతిలో చీమలు పాకినట్టయి, మర చేతిలోంచి జారి కిందపడింది. పిల్ల వంగి తీసి ఇచ్చింది. ఆ చెయ్యి వంకే చూసింది.

ఈ చీమలు కొత్తవి కావు. పిల్లకి తాళం వేయడం మొదలుపెట్టిన తొలి రోజుల్లోనే ఒకసారి, ఎవరిదో మేడ మెట్లు దిగుతుంటే చెయ్యి, మెడ, దవడ అన్నీ ఒకేసారి పట్టేశాయి. ఆ మెట్ల మీదే కూలబడ్డాడు. తేరుకుని ఇంటికొచ్చేసరికి చీకటి పడిపోయింది. పిల్ల తలుపుకి వీపు ఆనించి కూర్చుని ఉంది. ఏడవలేదు, ఏమీ అడగలేదు. పని ఆలస్యమైందని చెప్పాడు. ఆ సంగతి అంతటితో మరిచిపోయాడు. మరిచిపోవడం ముసలితనంలో దొరికే ఏకైక సుఖం.

సెలవురోజు మధ్యాహ్నం ఉడుతను వెంటబెట్టుకుని గ్రంథాలయం మేడ మీది గదికి వెళ్లాడు. మనవల్ని సాకుతున్న తాతలూ అమ్మమ్మలూ అక్కడ చేరతారు. కిందున్నవాళ్లు దాన్ని ముసలోళ్ల బడి అంటారు. నడిపించేది ఉద్యోగం నుంచి దిగిపోయిన ఒక నర్సమ్మ. బళ్లో తండ్రి సంతకం అడిగితే ఏం చేయాలి, ఆసుపత్రిలో పిల్లకి ఆపరేషన్ అంటే ఒప్పుకోవడానికి ముసలాళ్లకి హక్కుందా, ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే వాళ్ల పిల్లల్ని ఇంకొకరు ఎలా చూసుకోవాలి, అన్నీ ఆవిడే చెబుతుంది. చెప్పవలసిన ఆఫీసులు చెప్పవు. పాతికేళ్ల పాటు పిల్లల్ని పెంచి చేతులు కడుక్కున్నవాళ్ల చేతుల్లో మళ్లీ పసిబిడ్డను పెట్టి, ఈ లోకం ఎంత హాయిగా నిద్రపోతుందో! జీతం అడగని పనివాళ్లు ఇంత చవగ్గా ఇంకెక్కడ దొరుకుతారు?

"మా వాళ్లు కవలలు కదా," అంటోంది కుర్చీలో మోకాళ్లు పట్టుకు కూర్చున్న ఒకావిడ. అందరూ ఆవిడని కవలల అమ్మమ్మ అంటారు. "మొదట్లో ఒకడికి పాలు పట్టి, రెండోవాడనుకుని మళ్లీ వాడికే పట్టేదాన్ని. వాడు బలిశాడు, వీడు చిక్కాడు. ఇప్పుడు గుర్తుపట్టడం తేలికైంది."

గది గొల్లుమంది. తాత నవ్వలేదు. గది తలుపు గడియ వదులుగా ఉండటం చూస్తున్నాడు.

నర్సమ్మ బీపీ చూడటానికి ఆయన చేతికి గాలి కొట్టే పట్టీ చుట్టింది. అంకె చూసి పెదవి విరిచింది. "ఎప్పుడూ చెప్పేదే, ఇప్పుడూ చెబుతున్నా. డాక్టరు దగ్గరికి వెళ్లు. నీకేమన్నా అయితే ఈ పిల్లకి దిక్కెవరు?"

"నాకేమవుతుందమ్మా. ఇనుము తిన్న ఒళ్లు."

"ఇనుముకి తుప్పు పడుతుంది తాతా. నీ ఇంటి చెవి ఇంకోటి ఈవిడ దగ్గర ఉంచు. మీ వీధి చివరే కదా ఉండేది. నువ్వు పనికెళ్తే పిల్ల ఈవిడింట్లో ఉంటుంది. కవలలకి తోడు."

"ఉంచవయ్యా," అంది కవలల అమ్మమ్మ. "ఇద్దరికి వండే చేతికి మూడో నోరు బరువా? పైగా మీ ఉడుతకి ఆ ఇద్దర్లో ఎవరు ఎవరో తెలుసు. నాకంటే నయం."

"తాళాలోడి ఇంటి చెవి ఇంకొకరి దగ్గరా? నవ్విపోతారు."

"సరే. పిల్లల సంక్షేమ ఆఫీసు నుంచి కాగితమైనా తెచ్చుకో," అంది నర్సమ్మ గొంతు తగ్గించి. "ఇవాళ నీ కొడుకు బడి గేటు దగ్గరికొచ్చి, నేను తండ్రిని, పిల్లని పంపండి అంటే పంపించేస్తారు. నువ్వెంత పెద్ద తాళం వేసుకున్నా బడి గేటుకి వెయ్యలేవు."

"కాగితం కావాలంటే వాడు పనికిరానివాడని నా నోటితో చెప్పాలి కదా?"

"చెప్పాలి."

"కన్నోడినమ్మా."

ఉడుత ఒక మూల కూర్చుని చెప్పు పట్టీ తీస్తూ, పెడుతూ ఉంది.

ఆ వారంలోనే మళ్లీ మసి కనబడింది.

ఈసారి తాత తాళం ఊడదీసి పని బల్ల మీద పెట్టాడు. ఎప్పటి అలవాటు ప్రకారం, వీధివైపు ఉండే మొహం పైకి పెట్టి విప్పాడు. బతుకంతా తలుపుకి బయట నిలబడి చేసిన పని ఆయనది. జనం ఆయన్ని పిలిచేది బయట ఉండిపోయినప్పుడే. తాళానికి రెండు మొహాలున్నా, ఆయన చూసే మొహం ఒక్కటే.

లోపల కొన్ని మీటల కడుపుల మీద నల్లటి చుక్కలున్నాయి. గీత లేదు, గంటు లేదు, ఎక్కడా బలం వాడలేదు. వచ్చినవాడు తొందరపడలేదు. ఒక్కో మీటను పలకరించి, జవాబు విని, తరవాతి దాని దగ్గరికి వెళ్లాడు. ఇంకో రెండు మూడు మీటలు మాట వింటే తలుపు తెరుచుకునేదే. తాతకి ఒళ్లంతా చల్లబడింది. ఆ చలిలోనే, చెప్పుకోవడానికి సిగ్గుపడే చోట, చిన్న మురిపెం కూడా కదిలింది. జైల్లో ఇన్నేళ్లున్నా చెయ్యి పోలేదు వీడికి. ఎంత తేలిక చెయ్యి!

"ఉడుతా, కొవ్వొత్తి ఏదే? లోపలి మీట సరిగ్గా కనపడటం లేదు."

"అయిపోయింది తాతా. కరెంటు పోయినప్పుడు వెలిగించా."

ఆ మాట ఆయన చెవికెక్కలేదు. లోపలి నలుపు చెరగకుండా విప్పిన తాళాన్ని మళ్లీ కూర్చి, ఇంకో తాళం తెచ్చి తలుపుకి పెట్టాడు. మసి పట్టిన తాళాన్ని గుడ్డలో చుట్టి నర్సమ్మ ఇంటికి నడిచాడు. తలుపు తీసిన ఆవిడతో ఒకే మాట అన్నాడు.

"కాగితం రాయించమ్మా. చెబుతాను."

పిల్లల సంక్షేమ కార్యాలయం నుంచి పిలుపు వచ్చేసరికి మూడు వారాలు పట్టింది. అక్కడ అధికారిణి గది చిన్నది. పంకా తిరుగుతుంటే బల్ల మీది కాగితాలు ఎగరకుండా ఆవిడ ఒక్కోదాని మీద ఒక్కో వస్తువు పెట్టుకుంది. ఒకదాని మీద గ్లాసు, ఒకదాని మీద కళ్లజోడు. చేయి కదిపితే ఎవరి బతుకో ఎగిరిపోయేలా ఉంది. తాత వెనక నర్సమ్మ కూర్చుంది. ఎదురు కుర్చీలో కొడుకు.

చిక్కిపోయాడు. ఉతికిన చొక్కా. గోళ్లలో పిండి. రొట్టెల బట్టీలో పని దొరికిందట.

"బాగున్నావా నాన్నా? ఆ చెయ్యెందుకలా పట్టుకున్నావు?"

తాత ఎడమ చేతిని ఒళ్లోకి దించేసుకున్నాడు. "నా చెయ్యి సంగతి నీకెందుకురా? నీ చెయ్యి సంగతి చూసుకో."

"నేను పిల్లని తీసుకుపోతాననడం లేదమ్మా," కొడుకు అధికారిణితో అన్నాడు. "వారానికి ఒకసారి చూడనివ్వండి. మా నాన్న పక్కనుండగానే. అంతే."

అధికారిణి తాత వైపు తిరిగింది. "మీరు పనికి వెళ్లినప్పుడు పాప ఎక్కడుంటుంది?"

"బళ్లో. తరవాత ఎదురింటి దర్జీ దగ్గర."

"ఇంట్లో ఒంటరిగా వదలరు కదా? అడగడం నా పని. ఎవరి దగ్గరైనా పాపకి ప్రమాదం ఉందని తేలితే, మీ ఇద్దరికీ కాదు, వసతి గృహానికి పంపాల్సి వస్తుంది."

"వదలనమ్మా."

కొడుకు తల ఎత్తి తండ్రి మొహంలోకి చూశాడు.

తాత గుడ్డ విప్పి తాళాన్ని బల్ల మీద పెట్టాడు. మసి గురించి, మీటల గురించి, చెవి చేసే పద్ధతి గురించి చెప్పాడు. చెబుతున్నకొద్దీ గొంతు గట్టిపడింది. "ఈ పని తెలిసినవాడు నేను కాక ఈ ఊళ్లో వీడొక్కడే. రెండుసార్లు వచ్చాడు. ఒక్క రోజు ఆగి ఉంటే లోపలికొచ్చేవాడు. పిల్లని ఎత్తుకుపోయేవాడు."

"నేను ఆ వీధిలోకే రాలేదు నాన్నా!" కొడుకు కుర్చీలోంచి సగం లేచాడు. "బట్టీ దగ్గర అడగండమ్మా. పొద్దున పిండి ముందు నిలబడితే పొద్దుగూకే దాకా..."

"మసి పూసి మారేడుకాయ చేయకురా. మసి ఇక్కడే ఉంది."

కొడుకు తాళాన్ని చేతిలోకి తీసుకున్నాడు. వీధివైపు మొహం చూశాడు. వేలితో తడిమాడు. తరవాత దాన్ని తిరగేశాడు.

అలాగే ఉండిపోయాడు. కొడుకు బొటనవేలు తాళం వెనక మొహం మీద ఒక చోట చాలాసేపు ఆగింది. ఆ వేలు అక్కడున్నదాన్ని మెల్లగా తుడిచేసింది. వేలికి అంటిన నలుపును ప్యాంటుకి రాసుకున్నాడు. తండ్రి వంక ఒకసారి చూశాడు. కోపం లేదు. మంట మీద చేయి పెట్టినవాడి చూపులా ఉంది.

"నేనేనమ్మా," అన్నాడు.

"అంటే?" అధికారిణి కలం ఎత్తింది.

"ఈ పని చేసింది నేనే. రాసుకోండి."

నర్సమ్మ తాత భుజం మీద చేయి వేసింది. గెలిచినందుకో, ఓదార్పుకో తెలియలేదు. కాసేపటికి కాగితం చేతికొచ్చింది. పిల్ల తాత దగ్గరే ఉంటుంది. తండ్రి ఆ వీధికి గానీ, బడి దగ్గరికి గానీ రాకూడదు. వస్తే మళ్లీ జైలే.

మెట్ల దగ్గర కొడుకు ఆగాడు.

"నాన్నా, ఇంటి చెవి ఇంకోటి చేయించి ఎవరి దగ్గరైనా ఉంచు."

"ఎవరి దగ్గర? నీ దగ్గరా?"

"నాకొద్దులే." గోళ్లలో పిండి గీక్కున్నాడు. "ఆ పని చేసిన చెయ్యి చాలా తేలిక నాన్నా. నాకంటే తేలిక."

అని దిగి వెళ్లిపోయాడు. తిరిగి చూడలేదు.

తాత ఇంటిదారి పట్టాడు. జేబులో కాగితం గుండెకి తగులుతోంది. ఇంక ఎవరికీ భయపడక్కర్లేదు. అయినా కొడుకు అన్న మాట చెప్పులో రాయిలా గుచ్చుతూ వచ్చింది. నాకంటే తేలిక. చేసినవాడే నాకంటే అంటాడేమిటి? పొగరా? వేళాకోళమా? వీధి మొదటికి వచ్చేసరికి అడుగులు వాటంతటవే వేగం పుంజుకున్నాయి. దర్జీ ఏదో అడిగాడు. వినపడలేదు.

తలుపు తాళం తీసి లోపలికి వెళ్లి, తలుపు మూసి గడియ పెట్టాడు. ఏళ్లుగా చేయని పని ఒకటి చేశాడు. వెనక్కి తిరిగి, తన ఇంటి తలుపుని లోపలి నుంచి చూశాడు. ఇత్తడి బిళ్లను పక్కకి జరిపాడు.

కన్నం చుట్టూ దట్టంగా మసి. బయట కనబడింది ఇక్కడి నుంచి చెవితో పాటు అవతలికి తోసుకుపోయిన పిసరు మాత్రమే. చెక్క మీద మైనం చుక్కలు గడ్డకట్టి ఉన్నాయి. వాటి పక్కన, తాత నడుము ఎత్తులో, నల్లటి వేలిముద్రలు. చింతగింజలంత ముద్రలు.

"గెలిచావా తాతా?" అటక మీద నుంచి ఉడుత అడిగింది.

"కిందికి దిగు."

దిగింది. తెరిచి ఉన్న బిళ్లను చూసింది. పారిపోలేదు. పెన్సిళ్ల డబ్బా తెరిచి, అందులోంచి ఒక చెవిని తీసి ఆయన అరచేతిలో పెట్టింది. తాత పారేసిన అరిగిన ఆకురాయి ముక్క కూడా పెట్టింది.

"ఎవరు నేర్పారే నీకు?"

"నువ్వే. నాక్కాదు. తాళాలు తెచ్చేవాళ్లకి గొప్పగా చెబుతుంటావుగా."

"నాన్న దగ్గరికి పోదామనుకున్నావా?"

తల అడ్డంగా ఊపింది.

"మరెందుకే?"

"ఆ రోజు నువ్వు రాలేదు. చీకటైపోయింది." పిల్ల ఆయన ఎడమ చేతినే చూస్తూ చెప్పింది. "నీకేమన్నా అయితే అని నర్సమ్మ ఎప్పుడూ అంటుంది కదా. నువ్వు బయటెక్కడో చచ్చిపోతే చెవి నీ జేబులో ఉంటుంది. మరి నాకు తలుపెవరు తీస్తారు తాతా?"

తాత మంచం మీద కూర్చుండిపోయాడు.

కొడుకు తాళాన్ని తిరగేసిన ఆ కాసేపట్లోనే ఇదంతా చదివేశాడు. పిల్ల లోపల ఉంది, బయట తాళం ఉంది, ముసలాడు అబద్ధమాడాడు. నోరు విప్పి ఉంటే తన మీది మచ్చ పోయేది. పిల్ల మాత్రం వసతి గృహానికి పోయేది. అందుకే, చెక్కకన్నంలోంచి దూరి తాళం మీద పడ్డ ఆ చిన్న వేలి నలుపును తన ప్యాంటుకి తుడుచుకుని, నేనే అన్నాడు. ఇప్పుడు వెళ్లి నిజం చెబుదామా? చెబితే ఏమవుతుందో అధికారిణి ముందే చెప్పింది. చెప్పకపోతే ఏమవుతుందో జేబులో రాసి ఉంది. ఒక్క కాగితంతో కొడుకు ముందు ఎంత పెద్ద తలుపు మూశాడో ఆ తలుపుకి కన్నం కూడా లేదు.

"ఒక్కటి రావడంలేదు తాతా," అంది పిల్ల. "పొయ్యి మసితో చేస్తున్న ఈ మూడో తాళంలో చివరిది. ఎంత గీసినా."

తాత చెవిని వెలుతురుకి ఎత్తాడు. గాట్లు శుభ్రంగా, ఒద్దికగా ఉన్నాయి. ఇలాంటి గాట్లు ఇదే బల్ల దగ్గర, ఇంతే పొడుగున్న ఇంకొక బిడ్డ పెట్టడం ఆయన చూశాడు. చూసి మురిసి వీధంతా చెప్పుకున్నాడు. ఆ మురిపెం ఎక్కడిదాకా పోయిందో తెలుసు. ఇక్కడ ఆపెయ్యాలి. చెవిని వంచి పారెయ్యాలి. కానీ ఎడమ చేతిలో చీమలు మోచేయి దాటి పైకి పాకుతున్నాయి.

ఆయన లేచి, పెట్టెలోంచి కొత్త ఆకురాయి తీశాడు.

"అక్కడ కాదు. ఇంకాస్త కిందికి. ఒత్తకు. ఆకురాయి బరువు అది చూసుకుంటుంది, నీ బరువు వెయ్యకు."

పిల్ల గీసింది. ఆ చప్పుడు విని తాత కళ్లు మూసుకున్నాడు. చేతిరాత లాగే ఆకురాయి చప్పుడూ మనిషికో తీరుగా ఉంటుంది. ఇది ఆయనకి తెలిసిన చప్పుడే.

చెవి కన్నంలో పెట్టి తిప్పింది. మొదట మొరాయించింది, తరవాత వెన్నలో కత్తిలా తిరిగింది. పిల్ల మొహం వెలిగిపోయింది.

"నాన్నకి ఒకటి చెయ్యనా తాతా?"

తాత జేబు మీద చేయి పెట్టుకున్నాడు. కాగితం కరకరలాడింది.

"ముందది బయట నుంచి తిరుగుతుందో లేదో చూడు," అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

ఉడుత గడియ తీసి బయటికి గెంతింది. తలుపు లాగింది. ఒక్క చప్పుడు. తాళం పడింది.

జన్మలో మొదటిసారి తాళాల తాత, తాళం వేసిన తలుపుకి లోపలి వైపున ఉన్నాడు. వేల తాళాలు వేశాడు గానీ, లోపల ఉన్నవాళ్లకి ఆ చప్పుడు ఇలా వినపడుతుందని తెలియదు. జేబులో తన చెవి ఉంది. తీసి కన్నంలో పెట్టబోతే ఆనలేదు. అవతల పిల్ల చెవి దిగి ఉంది. ఒక వైపు చెవి ఉండగా రెండో వైపు నుంచి ఇంకోటి దూరదు. ఈ సంగతి ఎంతమందికో తనే చెప్పాడు.

"తిరిగింది కదే. ఇంక తియ్యి."

జవాబు లేదు. దర్జీ మిషను చప్పుడు కూడా లేదు, భోజనానికి వెళ్లి ఉంటాడు. చీమలు భుజం దాకా వచ్చాయి. తాత మోకాళ్ల మీద కూర్చుని తలుపుకి నుదురు ఆనించాడు.

అవతల చెవి లాగిన చప్పుడైంది. కన్నంలోంచి సన్నటి వెలుతురు వచ్చి ఆయన చొక్కా మీద, కాగితం ఉన్న జేబు మీద పడింది. మరుక్షణం అది మూసుకుపోయింది. కన్నంలోంచి ఒక కన్ను చూస్తోంది.

"తాతా, లోపల ఎలా ఉంది?"

ఆయన ఆ కన్నునే చూశాడు.

"భయమేస్తోందా?"

"వేస్తోందే తల్లీ," అన్నాడు.

కన్ను తప్పుకుంది. వెలుతురు మళ్లీ జేబు మీద పడింది. చిన్న అడుగుల చప్పుడు గడప దిగింది, వీధి చివర కవలల అమ్మమ్మ ఇంటి వైపో, అది దాటి బట్టీల వైపో, తలుపు వెనక నుంచి తెలియలేదు. కన్నం ఇప్పుడు ఖాళీగానే ఉంది. తన చెవి తన చేతిలోనే ఉంది. తిప్పితే తలుపు తెరుచుకుంటుంది.

ముసలాయన తిప్పలేదు. తలుపుకి వీపు ఆనించి, నేల మీద కూర్చున్నాడు, ఆ రోజు పిల్ల కూర్చున్న చోటే. అడుగుల చప్పుడు తిరిగొస్తుందేమోనని వింటూ ఉన్నాడు.